వరిలో ఎండాకు తెగులు, దాన్ని పసిగట్టే రిసెప్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాంబ మసూరి (బీపీటీ 5204) పండించే రైతులు, వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు, విత్తనోత్పత్తిలో ఉన్నవారు బ్యాక్టీరియా ఎండాకు తెగులు గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం కాబట్టి మీకు కావలసిన చోట నుంచి మొదలుపెట్టవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

మొక్కకు రక్తం లేదు, తెల్ల కణాలు లేవు. తెగులు వచ్చిందని దానికెలా తెలుస్తుంది?

మన ఒంట్లో రోగాన్ని వెతుక్కుంటూ తిరిగే కణాలు ఉంటాయి. మొక్కలో అలా తిరిగేవి లేవు. అందుకే ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. ఆ పని చేసేవే రిసెప్టర్ ప్రోటీన్లు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటిని గ్రాహకాలు అంటారు. శిలీంధ్రం గోడలోని కైటిన్ ముక్క, బ్యాక్టీరియా తోకలోని ఫ్లాజెల్లిన్ లాంటి పరాయి అణువు తగలగానే రిసెప్టర్ దాన్ని పట్టుకుని కణం లోపలికి సంకేతం పంపుతుంది. వరిలో ఈ కుటుంబానికి చెందిన రిసెప్టర్ కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించి సంకేతం పంపే రిసెప్టర్) జన్యువులు 1,000కి పైగా ఉన్నాయి. అన్నీ తెగుళ్ల కోసమే కాదు. ఎదుగుదల హార్మోన్లను గుర్తించేవి కూడా వాటిలో ఉన్నాయి.

కణం పైన ఉండే రిసెప్టర్లు, లోపల ఉండే రిసెప్టర్లు అంటారు. తేడా ఏంటి?

పైనున్నవి కణం పొరలో గుచ్చుకుని ఉంటాయి. చాలావాటి తల బయట, తోక లోపల. కణం బయట తచ్చాడే సూక్ష్మజీవిని అవి పసిగడతాయి. ఆవమొక్కల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్‌లో ఎఫ్‌ఎల్‌ఎస్2 అనే రిసెప్టర్ ఉంది. ఫ్లాజెల్లిన్‌లోని 22 అమైనో ఆమ్లాల ముక్కను అది పట్టుకుంటుందని 2000లో తేలింది. వరిలో కైటిన్‌ను పట్టే సీఈబీఐపీ కూడా ఈ కోవలోదే.

లోపల ఉండేవాటిని ఎన్‌ఎల్‌ఆర్ ప్రోటీన్లు అంటారు. సూక్ష్మజీవి తెలివైనది. మొక్క రక్షణను దెబ్బతీసే ప్రోటీన్లను కణంలోకే ఎక్కిస్తుంది. ఎన్‌ఎల్‌ఆర్‌లు ఆ ప్రోటీన్లను గానీ, అవి కణంలో చేసిన నష్టాన్ని గానీ గుర్తిస్తాయి. అరబిడాప్సిస్‌లోని జార్1 అనే ఎన్‌ఎల్‌ఆర్ శత్రువు జాడ తెలిసిన వెంటనే ఐదు కలిసి చక్రంలా కూర్చుంటుందని 2019లో నిర్మాణంతో సహా చూశారు. ఆ చక్రం కణం పొరకు అతుక్కుని కాల్షియాన్ని లోపలికి వదులుతుంది. చాలాసార్లు ఆ కణం చచ్చిపోతుంది, దానితోపాటు తెగులు కూడా అక్కడే ఆగుతుంది. అగ్గి తెగులును తట్టుకునే జన్యువుల్లో ఎక్కువ భాగం ఎన్‌ఎల్‌ఆర్‌లే.

ఎండాకు తెగులు బ్యాక్టీరియా ఆకులోకి ఎలా దూరుతుంది?

దీని పేరు జాంథోమోనాస్ ఒరైజే. ఆకు అంచుల్లో తెల్లవారుజామున నీటిబొట్లు ఊరే సన్నని జలరంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి, లేదా గాలివానకు ఆకులు రాసుకుని పడిన గాయాల్లోంచి లోపలికి వెళుతుంది. అక్కడి నుంచి నీటిని మోసే దారువు గొట్టాల్లో పెరుగుతూ కిందికి దిగుతుంది. అందుకే మచ్చ ఆకు కొన నుంచో అంచు నుంచో మొదలై, అలలు అలలుగా పసుపుపచ్చగా దిగుతూ గడ్డిరంగుకు మారుతుంది. నాటేటప్పుడు నారు కొనలు తుంచే అలవాటు ఈ బ్యాక్టీరియాకు తలుపు తీసి పెట్టినట్టే. తెగులు ఉన్న ప్రాంతంలో నారు కొనలు తుంచవద్దు.

## ఎక్స్‌ఏ-21 రిసెప్టర్ పనితీరు

ఎండాకు తెగులును పసిగట్టే ఎక్స్‌ఏ-21 రిసెప్టర్ జన్యువు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి. దాని శాస్త్రీయ నామం ఒరైజా లాంగిస్టామినాటా. ఎండాకు తెగులును బాగా తట్టుకుంటుందని కటక్‌లోని కేంద్రీయ వరి పరిశోధన సంస్థలో చేసిన పరీక్షల్లో గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పమేలా రోనాల్డ్ బృందం జన్యువును విడదీసి 1995లో ప్రకటించింది. అది వరి 11వ క్రోమోజోమ్ మీద ఉంది. మొక్కలో రోగకారక సూక్ష్మజీవిని పసిగట్టే పొర రిసెప్టర్ కైనేజ్‌గా మొదట బయటపడిన వాటిలో ఇది ఒకటి. ఆ తర్వాత ఈ రంగంలో జరిగిన పరిశోధనకు దారి చూపింది కూడా ఇదే.

ఆ ప్రోటీన్ ఎలా ఉంటుంది? దేన్ని పట్టుకుంటుంది?

ఎక్స్‌ఏ-21 ప్రోటీన్‌లో 1,025 అమైనో ఆమ్లాలు ఉంటాయి. బయటి భాగంలో లూసిన్ ఎక్కువగా ఉన్న ఒకే తీరు ముక్క 23 సార్లు వరసగా వస్తుంది. పట్టుకునే పని ఈ భాగానిదే. మధ్యలో పొరను దాటే చిన్న భాగం, లోపల ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్ భాగం ఉంటాయి.

ఇది పట్టుకునేది బ్యాక్టీరియా బయటికి వదిలే రాక్స్‌ఎక్స్ అనే చిన్న పెప్టైడ్‌ను. ఈ సంగతి 2015లో తేలింది. అంతకుముందు వేరే ప్రోటీన్ పేరు చెప్పిన పరిశోధన పత్రాలను 2013లో వెనక్కి తీసుకున్నారు. పాత పుస్తకాల్లో ఎఎక్స్21 అని కనిపిస్తే దాన్ని పరీక్షలో రాయకండి.

ఇక్కడో మెలిక ఉంది. రాక్స్‌ఎక్స్‌లో ఒక టైరోసిన్ మీద సల్ఫేట్ గుంపు ఉండాలి. దాన్ని తగిలించే ఎంజైమ్ రాక్స్‌ఎస్‌టీ కూడా బ్యాక్టీరియాదే. సల్ఫేట్ లేకపోతే ఎక్స్‌ఏ-21 దాన్ని లెక్కచేయదు. సల్ఫేట్ ఉన్న 21 అమైనో ఆమ్లాల ముక్కను ఒక్కదాన్ని ఇచ్చినా చాలు, రిసెప్టర్ మేల్కొంటుంది. రాక్స్‌ఎక్స్ మొక్క సొంత ఎదుగుదల పెప్టైడ్ పీఎస్‌వైని పోలి ఉండటం మరో విశేషం. బ్యాక్టీరియా మొక్క హార్మోన్‌ను అనుకరిస్తోంది, ఎక్స్‌ఏ-21 ఆ నకలును పట్టేస్తోంది.

పట్టుకున్నాక లోపల ఏం జరుగుతుంది?

ఎక్స్‌ఏ-21 ఒంటరిగా పనిచేయదు. పొరలోనే ఉండే ఓఎస్-సెర్క్2 అనే సహ రిసెప్టర్ పక్కన చేరాలి. రెండింటి లోపలి కైనేజ్‌లు దగ్గరపడి ఫాస్ఫేట్లు మార్చుకుంటాయి. మొక్కల పొర రిసెప్టర్లలో ఇలా స్పందించేవాటిలో సాధారణంగా కనిపించే వరస ఇది: నిమిషాల్లో కాల్షియం లోపలికి వస్తుంది, చురుకైన ఆక్సిజన్ అణువులు వెలువడతాయి, సంకేతాన్ని లోపలికి మోసే ఎంఏపీ కైనేజ్‌ల గొలుసు కదులుతుంది, గంటల్లో రక్షణ జన్యువులు తెరుచుకుంటాయి. అరబిడాప్సిస్ ఆకు బిళ్లలకు ఫ్లాజెల్లిన్ ముక్క ఇస్తే, లూమినాల్ కాంతి పరీక్షలో ఆక్సిజన్ అణువుల శిఖరం 10-15 నిమిషాల్లో కనిపిస్తుంది. వరి బిళ్లల్లో సంకేతం బలహీనంగా ఉండవచ్చు. బిళ్లలను కోసిన వెంటనే కొలవకుండా రాత్రంతా నీటిలో తేల్చి ఉంచితే గాయం వల్ల వచ్చే అలజడి తగ్గి కొలత శుభ్రంగా వస్తుంది.

రిసెప్టర్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉండేలా చేస్తే ఇంకా మంచిది కదా?

కాదు, పంట దెబ్బతింటుంది. రక్షణకు ఖర్చయ్యే శక్తి ఎదుగుదల నుంచే రావాలి. శత్రువు లేకుండానే ఎన్‌ఎల్‌ఆర్‌లు మేల్కొంటే మొక్క గిడసబారుతుంది, ఆకుల మీద తనంతట తానే మచ్చలు వస్తాయి. రెండు మంచి మొక్కలను క్రాస్ చేస్తే పిల్ల మొక్క కారణం లేకుండా ఎండిపోవడం బ్రీడర్లకు తెలిసిన అనుభవమే. దాని వెనక చాలాసార్లు ఇలా పొరపాటున మేల్కొన్న ఎన్‌ఎల్‌ఆర్ ఉంటుంది. ఎక్స్‌ఏ-21 విషయంలో మొక్క స్వయంగా జాగ్రత్త పడింది. ఎక్స్‌బీ24 అనే ప్రోటీన్ దాన్ని పని లేనప్పుడు నిద్రలో ఉంచుతుంది. ఎక్స్‌బీ15 అనే ఫాస్ఫటేజ్ దాని మీది ఫాస్ఫేట్లను తీసేసి చల్లబరుస్తుంది. ఎక్స్‌ఏ-21 ఉన్న రకాల దిగుబడి తగ్గకపోవడానికి ఈ అదుపు ఒక కారణం కావచ్చు.

ఎండాకు తెగులును తట్టుకునే మరో రెండు జన్యువులు ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 కూడా రిసెప్టర్లేనా?

కావు. మూడు పేర్లూ ఒకే వరసలో కనిపిస్తాయి కాబట్టి చాలామంది అలా అనుకుంటారు, కొన్ని గైడ్లలో కూడా అలాగే రాశారు. ఈ తేడా తెలిస్తేనే విత్తనం, హైబ్రిడ్, మార్కర్ లెక్కలు సరిగ్గా అర్థమవుతాయి.

బ్యాక్టీరియా మొక్క కణంలోకి టేల్ అనే ప్రోటీన్లను ఎక్కిస్తుంది. అవి నేరుగా మొక్క డీఎన్‌ఏ మీద కూర్చుని తమకు కావలసిన జన్యువును తెరుస్తాయి. వాటిలో ఒకటి 8వ క్రోమోజోమ్ మీదున్న స్వీట్11 అనే చక్కెర రవాణా జన్యువును తెరిచి, చక్కెరను బ్యాక్టీరియాకు అందేలా బయటికి వదిలిస్తుంది. ఎక్స్‌ఏ-13 అంటే అదే స్వీట్11 జన్యువు. కాకపోతే టేల్ కూర్చునే ప్రమోటర్ (జన్యువును తెరిచే స్విచ్ లాంటి) భాగం మారిపోయి ఉంటుంది. ఎక్కడ కూర్చోవాలో తెలియక టేల్ పని ఆగిపోతుంది, బ్యాక్టీరియాకు తిండి దొరకదు.

ఎక్స్‌ఏ-5 కథ మరోలా ఉంటుంది. 5వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువు టీఎఫ్‌టూఏ గామా అనే సాధారణ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. జన్యువులు తెరుచుకోవడానికి మొక్కకు ఇది మామూలుగానే అవసరం. టేల్ ప్రోటీన్లు దీన్ని పట్టుకుని పని చేయించుకుంటాయి. ఎక్స్‌ఏ-5లో 39వ స్థానంలోని వాలిన్ గ్లుటామిక్ ఆమ్లంగా మారింది. మొక్క పని సాగుతుంది, టేల్ పట్టు జారుతుంది.

అంటే ఎక్స్‌ఏ-21 శత్రువును గుర్తుపట్టి ఎదిరిస్తుంది. మిగతా రెండూ శత్రువుకు సహకరించడం మానేస్తాయి. సహకరించే పాత రూపం ఒక్క కాపీ ఉన్నా బ్యాక్టీరియాకు చాలు. అందుకే ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 అంతర్గత జన్యువులు, రెండు కాపీలూ మారి ఉండాలి. ఎక్స్‌ఏ-21 బహిర్గత జన్యువు, ఒక్క కాపీ ఉన్నా పనిచేస్తుంది.

## రకం తయారీ: క్రాసింగ్, మార్కర్లు

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి జన్యుమార్పిడి పంటా?

కాదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం (ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కలిసి తయారుచేసిన ఈ రకం 2008లో విడుదలైంది. దీని మరో పేరు ఆర్‌పీ బయో 226. ఎక్స్‌ఏ-21, ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 మూడు జన్యువులూ ఉన్న దాత మొక్కతో బీపీటీ 5204ను క్రాస్ చేసి, తర్వాత నాలుగుసార్లు మళ్లీ బీపీటీ 5204తోనే వెనక్కి క్రాస్ చేశారు. ప్రతి తరంలో డీఎన్‌ఏ మార్కర్లతో (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులతో) జన్యువులు ఉన్న మొక్కలను ఎంచారు. జన్యువు పుప్పొడి ద్వారానే వచ్చింది, ల్యాబ్‌లో చొప్పించలేదు. గింజ సన్నదనం, వంట గుణం సాంబ మసూరివే. కోతకు మాత్రం దాదాపు వారం ముందు వస్తుంది.

తెగులును తట్టుకోవడానికి ఎక్స్‌ఏ-21 ఒక్కటి చాలదా? మూడు జన్యువులు ఎందుకు?

ఒక్క రిసెప్టర్ ఒక్క అణువునే చూస్తుంది. బ్యాక్టీరియా రాక్స్‌ఎక్స్‌ను కొద్దిగా మార్చుకున్నా, సల్ఫేట్ తగిలించే రాక్స్‌ఎస్‌టీని పోగొట్టుకున్నా ఎక్స్‌ఏ-21 కళ్లు కప్పగలదు. అలా తప్పించుకున్న స్ట్రెయిన్లు (బ్యాక్టీరియాలోని ఉపరకాలు) పొలాల నుంచి దొరికాయి కూడా. ఎక్స్‌ఏ-21 ఒక్కటే ఉన్న పైరును వేల ఎకరాల్లో వేస్తే, అలాంటి స్ట్రెయిన్ ఒక్కటి పుట్టినా దానికి ఎదురుండదు. మూడు జన్యువులూ ఉంటే బ్యాక్టీరియా ఒకేసారి మూడు వేర్వేరు పద్ధతుల్ని దాటాలి. ఒకే కణంలో మూడు మార్పులు కలిసి రావడం చాలా అరుదు. మా అభిప్రాయం స్పష్టం: ఎక్స్‌ఏ-21ను ఒంటరిగా ఏ రకంలోనూ విడుదల చేయకూడదు. మాలి అడవి నుంచి వచ్చిన ఈ జన్యువు అందరి ఆస్తి. ఒకరి తొందర వల్ల అది పనికిరాకుండా పోతే నష్టం అందరిదీ.

మూడు జన్యువులూ ఉన్న మొక్క కోసం ఎన్ని మొక్కలు పరీక్షించాలి?

వెనక్కి క్రాస్ చేసిన తరంలో మూడు జన్యువులూ ఒక్కో కాపీ ఉన్న మొక్క వచ్చే అవకాశం 8లో 1. అలాంటి మొక్క కనీసం ఒకటైనా దొరుకుతుందని 95 శాతం నమ్మకం కావాలంటే 23 మొక్కలు చూడాలి. చివర్లో స్వపరాగ సంపర్కం చేసిన తరంలో మూడూ రెండేసి కాపీలతో స్థిరపడిన మొక్క 64లో 1 వస్తుంది. అదే నమ్మకానికి 191 మొక్కలు కావాలి. ఇవి కనీస లెక్కలే. గింజ, ఎత్తు, పంటకాలం కూడా చూసి ఎంచుకోవాలంటే రెట్టింపు పెట్టుకోండి.

తల్లి రకం జన్యుసంపద సగటున ఒకసారి వెనక్కి క్రాస్ చేస్తే 75 శాతం, రెండుసార్లకు 87.5, మూడుసార్లకు 93.75, నాలుగుసార్లకు 96.9 శాతం తిరిగి వస్తుంది. జన్యువు పక్కనున్న దాత ముక్క మాత్రం ఈ సగటు కన్నా మొండిగా మిగిలిపోతుంది. దాన్ని వదిలించుకోవడానికి అటూ ఇటూ మార్కర్లు పెట్టి వెతకాలి.

మార్కర్లు లేకుండా తెగులు పరీక్షతోనే ఎంచుకోకూడదా?

ఎక్స్‌ఏ-21 ఒక్కదానికైతే కుదురుతుంది. ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 వెనక్కి క్రాస్ చేసిన తరంలో ఒక్క కాపీతో ఉంటాయి కాబట్టి మొక్కకు తెగులు వస్తుంది, జన్యువు ఉన్నా కనిపించదు. ప్రతి తరం తర్వాత స్వపరాగ సంపర్కం చేసి చూడాల్సి వస్తుంది, అంటే కాలం రెట్టింపు. పైగా ఎక్స్‌ఏ-21 తట్టుకుంటున్న మొక్కలో మిగతా రెండూ ఉన్నాయో లేదో తెగులు పరీక్షతో తేలదు.

హైబ్రిడ్ వరిలో ఈ జన్యువులు పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

హైబ్రిడ్ గింజకు ఒక కాపీ తల్లి నుంచి, ఒక కాపీ తండ్రి నుంచి వస్తుంది. ఎక్స్‌ఏ-21 ఏదో ఒక వైపున ఉంటే సరిపోతుంది. ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 మాత్రం తల్లి వరసలోనూ, దాన్ని నిలబెట్టే మెయింటెయినర్‌లోనూ, తండ్రి వరసైన రిస్టోరర్‌లోనూ రెండేసి కాపీలతో ఉండాలి. ఒక వైపే పెట్టి "మూడు జన్యువుల హైబ్రిడ్" అని చెబితే, ఆ పైరులో నిజంగా పనిచేసేది ఎక్స్‌ఏ-21 ఒక్కటే. విత్తనం కొనేవారు, డీలర్లు కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

## ల్యాబ్‌లో, నెట్ హౌస్‌లో

జెల్ మీద బ్యాండ్లు ఎలా చదవాలి?

ఎక్స్‌ఏ-21కు ఎక్కువగా వాడేది పీటీఏ248 మార్కర్. జన్యువు ఉన్న చోట పెద్ద ముక్క, సుమారు 1,000 బేస్ జతల దగ్గర వస్తుంది. లేని చోట సుమారు 700 దగ్గర చిన్నది వస్తుంది. రెండూ ఉంటే మొక్కలో ఒక్కో కాపీ ఉన్నట్టు. ఎక్స్‌ఏ-13 ప్రమోటర్ మార్కర్‌లో తట్టుకునే రూపం సుమారు 500, తట్టుకోనిది సుమారు 250. ఎక్స్‌ఏ-5లో మారింది రెండు బేస్‌లే, పొడవులో తేడా లేదు. కాబట్టి ఆ మార్పును నేరుగా పట్టే ప్రైమర్ జతలు గానీ, పక్కనున్న ఆర్‌ఎం122 లాంటి మార్కర్ గానీ కావాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. రెండు బ్యాండ్లు రావలసిన మొక్కలో చిన్న ముక్క సులువుగా పెరిగి, పెద్దది మసకగా ఉండిపోతుంది. దాన్ని చూసి మంచి మొక్కను పారేస్తారు. డీఎన్‌ఏ పాతబడినా, ముక్కలైనా ఇదే జరుగుతుంది. ప్రతి జెల్‌లో దాత, బీపీటీ 5204, రెండింటి ఎఫ్1 (మొదటి తరం సంకరం), నీటి నమూనా నాలుగూ తప్పక పెట్టండి. ఎఫ్1లోనే పెద్ద బ్యాండ్ మసకగా ఉంటే ఆ జెల్‌ను నమ్మవద్దు. పీసీఆర్‌లో పొడిగింపు సమయం పెంచి మళ్లీ నడపండి.

ఆకు కత్తిరింపు పరీక్ష సరిగ్గా ఎలా చేయాలి?

బ్యాక్టీరియాను 28 డిగ్రీల దగ్గర 48 నుంచి 72 గంటలు పెంచండి. పసుపురంగు జిగురు కాలనీలు వస్తాయి. వాటిని శుభ్రమైన నీటిలో కలిపి మిల్లీలీటరుకు 10 కోట్ల నుంచి 100 కోట్ల కణాలు ఉండేలా చూసుకోండి. కత్తెరను ఆ నీటిలో ముంచి, నిండా పిలకలు వేసిన మొక్కల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకుల కొనలు 2-3 సెం.మీ. కత్తిరించండి. మొక్కకు కనీసం ఐదు ఆకులు చేయండి. ఎండ తగ్గిన సాయంత్రం మంచి సమయం. 14 లేదా 15వ రోజున మచ్చ పొడవు కొలవండి. 5 సెం.మీ. లోపు ఉంటే సాధారణంగా తట్టుకున్నట్టు లెక్క.

తప్పులు వచ్చే చోట్లు ఇవి: పదేపదే పాత కల్చర్ నుంచే పెంచితే బ్యాక్టీరియా ఉధృతి తగ్గి అన్ని మొక్కలూ తట్టుకున్నట్టే కనిపిస్తాయి. కలిపిన నీటిని గంటల తరబడి ఎండలో ఉంచినా అంతే. ప్రతి కొన్ని ఆకులకు కత్తెరను మళ్లీ ముంచకపోతే చివరి మొక్కలకు మోతాదు అందదు. పక్కన తెగులును తట్టుకోని టీఎన్1 రకం వరస తప్పక ఉండాలి. టీఎన్1 ఆకు పొడవునా ఎండకపోతే ఆ పరీక్ష చెల్లదు. పని అయ్యాక బ్యాక్టీరియా నీటిని ఆటోక్లేవ్ చేయకుండా కాలువలో పోయకండి.

మార్కర్‌లో ఎక్స్‌ఏ-21 ఉంది. నారుమడిలో పరీక్షిస్తే తెగులు వచ్చింది. ఎందుకు?

ఎక్స్‌ఏ-21 బలం మొక్క వయసుతో పెరుగుతుంది. రెండు ఆకుల దశలో మొక్క తట్టుకోలేదు, పెద్దయ్యాకే పూర్తి బలం వస్తుంది. నారు మీద పరీక్ష చేసి జన్యువు పనిచేయడం లేదనే నిర్ణయానికి రాకండి. నారుమడిని శుభ్రంగా, ముంపు లేకుండా ఉంచడం ఈ రకాల్లో కూడా అవసరమే.

## విత్తనం, పొలం

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విత్తనం అసలుదో కాదో చూసి చెప్పవచ్చా?

చెప్పలేం. గింజ, మొక్క మామూలు సాంబ మసూరిలాగే ఉంటాయి. మంచి గుణమే ఇక్కడ మోసానికీ సందిస్తుంది. రెండూ కలిసిపోతే పొలంలో కేళీలు తీసేవారికి కూడా దొరకవు. సుమారు వారం ముందు ఈనడం ఒక్కటే కంటికి కనిపించే ఆనవాలు, అదీ ఒకే రోజు నాటిన పైరును పక్కపక్కన చూస్తేనే. కాబట్టి ధ్రువీకరణ ట్యాగ్ ఉన్న విత్తనమే కొనండి, బిల్లు, ట్యాగ్ పంట అయ్యేదాకా దాచండి. పెద్దమొత్తంలో కొనే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు లాట్ నుంచి గింజలు తీసి మొలకెత్తించి, కొన్ని పదుల మొలకలకు మార్కర్ పరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. ఇది హైబ్రిడ్ కాదు, వరి తన పుప్పొడితోనే గింజకడుతుంది, జన్యువులు అలాగే ఉంటాయి. చెడేది కలవడం వల్లే. నూర్పిడి మిషన్లో మిగిలిన గింజలు, కళ్లం, పాత సంచులు, గత పంట రాలి మొలిచిన మొక్కలు దీనికి కారణం. విత్తనానికి చేను మధ్యలోంచి కోసుకోండి, మిషన్‌ను ముందు ఖాళీగా నడిపించండి. మూడు నాలుగు పంటలకోసారి కొత్త విత్తనం తెచ్చుకోండి.

ఈ రకం వేస్తే అగ్గి తెగులు, పాముపొడ కూడా రావా?

వస్తాయి. ఎక్స్‌ఏ-21 పట్టేది ఎండాకు తెగులు బ్యాక్టీరియా వదిలే పెప్టైడ్‌నే. అగ్గి తెగులు, పాముపొడ శిలీంధ్రాల వల్ల వస్తాయి. టుంగ్రో వైరస్ వల్ల వస్తుంది. దోమలు, కాండం తొలుచు పురుగు సంగతి పూర్తిగా వేరు. "తెగులు తట్టుకునే రకం" అనే మాట విన్న ప్రతిసారీ ఏ తెగులు అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడగక అగ్గి తెగులుకు సకాలంలో మందు వేయకుండా పంట పోగొట్టుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఎండాకు తెగులా, పురుగు వల్ల మొవ్వు చచ్చిందా? పొలంలోనే తేల్చుకోవడం ఎలా?

నాటిన 3-4 వారాల్లో దుబ్బులు మొత్తంగా వాడిపోతే రెండు అనుమానాలూ వస్తాయి. మొవ్వును లాగండి. సులువుగా ఊడి వచ్చి, కింద కొరికిన గుర్తు ఉంటే కాండం తొలుచు పురుగు. ఊడకపోతే కాండం మొదట్లో కోసి వేళ్లతో నొక్కండి. పసుపుపచ్చని జిగురు వస్తే బ్యాక్టీరియా.

ఆకు మచ్చలకు గ్లాసు పరీక్ష చేయండి. ఎండిన భాగం, పచ్చ భాగం కలిసే చోట ముక్క కోయండి. గాజు గ్లాసులో తేటనీరు పోసి కోసిన అంచు మునిగేలా పెట్టండి. కొన్ని నిమిషాల్లో అంచు నుంచి పాలలాంటి తీగ కిందికి దిగితే ఎండాకు తెగులే. పొటాష్ లోపం, గాలికి కొనలు ఎండటం అయితే నీరు తేటగానే ఉంటుంది. పూర్తిగా ఎండిపోయిన ముక్కతో ఈ పరీక్ష చేస్తే ఏమీ రాదు.

యూరియా ఎక్కువేస్తే ఈ తెగులు పెరుగుతుందంటారు. తట్టుకునే రకంలో కూడానా?

నత్రజని ఎక్కువైతే ఆకులు మెత్తబడి గుబురవుతాయి, తేమ నిలుస్తుంది, ఆకులు రాసుకుంటాయి. బ్యాక్టీరియా సంఖ్య పెరిగేకొద్దీ కొత్త మార్పులు పుట్టే అవకాశమూ పెరుగుతుంది. అందుకే తట్టుకునే రకంలోనూ యూరియాను మూడు దఫాలుగా, సిఫారసు మోతాదులోనే వేయండి. పొటాష్ మానవద్దు. తట్టుకోని రకంలో తెగులు కనిపిస్తే యూరియాను తాత్కాలికంగా ఆపండి, నిలిచిన నీటిని తీసేయండి. తెగులున్న మడి నీరు పక్క మడిలోకి పారకుండా గట్టు వేయండి. ఆకులు తడిగా ఉన్న ఉదయం వేళ చేనులో తిరగకండి, బట్టలకు, చేతులకు అంటుకుని బ్యాక్టీరియా ముందుకు పోతుంది.

రోగనిరోధక శక్తి పెంచే మందులు చల్లితే రిసెప్టర్ లేని రకం కూడా తట్టుకుంటుందా?

జపాన్‌లో ప్రొబెనజోల్ అనే రసాయనాన్ని వరిలో 1970ల నుంచి వాడుతున్నారు. అది సూక్ష్మజీవిని చంపదు, మొక్కలో రక్షణ సంకేతం మోసే సాలిసిలిక్ ఆమ్లం దారిని ముందే మేల్కొలుపుతుంది. రిసెప్టర్ తర్వాతి మెట్లను సిద్ధం చేస్తుంది తప్ప రిసెప్టర్ లేని లోటును పూర్తిగా తీర్చదు, తెగులు వచ్చాక వేస్తే ఫలితం అంతంతమాత్రం. "ఇమ్యూనిటీ టానిక్" పేరుతో వచ్చే సీసాల మీద పంట పేరు, తెగులు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే కొనకండి. యాంటీబయాటిక్ పిచికారీ మీద ఆధారపడటం కూడా మంచిది కాదు. దారువు గొట్టాల్లో దాగిన బ్యాక్టీరియాకు అది సరిగా చేరదు, నిరోధక బ్యాక్టీరియాను పెంచే ప్రమాదం మాత్రం ఉంది.

## తెగులు దాటి వస్తే

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేశాను, అయినా ఎండాకు తెగులు వచ్చింది. ఏం చేయాలి?

ముందు గ్లాసులో ముక్క ముంచి అది బ్యాక్టీరియానే అని తేల్చుకోండి. తర్వాత చేను మొత్తం తిరిగి చూడండి. అక్కడో దుబ్బు ఇక్కడో దుబ్బుగా ఉంటే కలిసిన విత్తనం కావచ్చు. చేను అంతా ఒకేలా ఉంటే విత్తనమే వేరే రకం కావచ్చు. ఈ రెండూ కాక, ఆకుల మార్కర్ పరీక్షలో మూడు జన్యువులూ ఉన్నాయని తేలితేనే కొత్త స్ట్రెయిన్ అనే అనుమానం వస్తుంది. అది ముఖ్యమైన సమాచారం. ఆకు ముక్కలను, మచ్చ అంచు పచ్చగా ఉన్నవి, కాగితంలో ఆరబెట్టి కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో తడిగా పెడితే కుళ్లిపోయి అసలు బ్యాక్టీరియా దొరకదు. ఊరు, నాటిన తేదీ, విత్తనం లాట్ నంబరు రాసి ఏరువాక కేంద్రానికో కృషి విజ్ఞాన కేంద్రానికో ఇవ్వండి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థకు చేర్చమని అడగండి.

జన్యు సవరణతో ఇంతకన్నా మంచి రకాలు వస్తాయా?

దారి తెరుచుకుంది. బ్యాక్టీరియా తెరిచే స్వీట్11, స్వీట్13, స్వీట్14 జన్యువుల ప్రమోటర్లను ఒకేసారి సవరించి ఐఆర్64 లాంటి రకాల్లో విస్తృత నిరోధకతను 2019లో చూపించారు. చక్కెర జన్యువు మొక్కకూ అవసరమే. స్వీట్11ను పూర్తిగా పనిచేయకుండా చేస్తే పుప్పొడి, గింజ దెబ్బతింటాయి. అందుకే జన్యువును ముట్టకుండా టేల్ కూర్చునే చోటును మాత్రమే మారుస్తారు. ఎన్‌ఎల్‌ఆర్ రిసెప్టర్‌కు ఒంటె జాతి జంతువుల యాంటీబాడీ ముక్కను అతికించి, కోరుకున్న ప్రోటీన్‌ను గుర్తుపట్టేలా చేయవచ్చని 2023లో పొగాకు జాతి మొక్కల్లో నిరూపించారు. అది పొలానికి రావడానికి ఇంకా చాలా పరీక్షలు ఉన్నాయి. ఈలోగా రైతు చేతిలో ఉన్నవి మూడు జన్యువుల రకాలు, నమ్మకమైన విత్తనం, అదుపులో యూరియా.